మేలు – నిర్ణయం: సరిత కేసు తీర్పు వెలుగులో వ్యక్తి స్వయంనిర్ణయాధికారం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

వ్యక్తి తన దేహం, జీవనం గురించి తానే నిర్ణయించుకునే అధికారాన్ని భారత న్యాయవ్యవస్థ పలు తీర్పుల్లో గుర్తించింది. అయినా అమలుకు వచ్చేసరికి ఆ అధికారం తరచుగా ఇతరుల చేతికి మారుతోంది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు టి. సరిత వర్సెస్ టి. వెంకట సుబ్బయ్య కేసులో ఇచ్చిన తీర్పును, దానికి ప్రతిగా వచ్చిన రెండు తీర్పులను, వైద్యరంగంలో సమ్మతికి సంబంధించిన నిర్ణయాలను ఈ వ్యాసం పక్కపక్కన పెట్టి చదువుతుంది. ‘ఎవరు నిర్ణయించాలి’ అన్న ప్రశ్న స్థానంలోకి ‘ఏది మేలు’ అన్న ప్రశ్న ప్రవేశించినప్పుడే స్వయంనిర్ణయాధికారం బలహీనపడుతున్నదని ప్రతిపాదిస్తుంది. సరిత తీర్పు ప్రాధాన్యాన్ని, దాని పరిమితులను కూడా ఈ కోణంలోనే అంచనా వేస్తుంది.

కీలక పదాలు: స్వయంనిర్ణయాధికారం, సమ్మతి, దాంపత్య హక్కుల పునఃస్థాపన, సరిత కేసు, గోప్యత హక్కు, గర్భాశయ తొలగింపు, కన్యాశుల్కం.

1. ఉపోద్ఘాతం

ఒక మనిషి దేహానికి సంబంధించిన నిర్ణయం ఆ మనిషే చేయాలన్న మాటను సూత్రప్రాయంగా కాదనేవారు అరుదు. అయితే న్యాయస్థానంలో గాని, ఆసుపత్రిలో గాని, ఇంట్లో గాని నిర్ణయం తీసుకోవలసిన సమయం వచ్చినప్పుడు ఆ సూత్రానికి మినహాయింపులు ఒక్కొక్కటిగా పుట్టుకొస్తాయి. కాపురం నిలబడాలి కాబట్టి, ప్రాణం దక్కాలి కాబట్టి, కుటుంబం పరువు కాపాడాలి కాబట్టి అంటూ ఎవరో ఒకరు ముందుకు వస్తారు. ఆ వచ్చేవారు చాలా సందర్భాల్లో శత్రువులు కారు. తల్లి, భర్త, వైద్యుడు, న్యాయమూర్తి – అందరూ మేలు కోరేవారే.

స్వయంనిర్ణయాధికారాన్ని గురించిన చర్చ సాధారణంగా హింస, బలవంతం, దురుద్దేశం చుట్టూ తిరుగుతుంది. సదుద్దేశంతో జరిగే ఉల్లంఘన ఈ చర్చలో తగినంతగా కనిపించదు. న్యాయగ్రంథాలు ఇందుకు విలువైన ఆకరాలు. తీర్పు అన్నది కేవలం ఫలితం కాదు. అది ఒక ప్రశ్నను ఎంచుకుని, మరొక ప్రశ్నను పక్కన పెట్టి, వాదాన్ని నిర్మించే రచన. కాబట్టి సాహిత్య విమర్శ ఒక పాఠాన్ని చదివినట్టే తీర్పునూ చదవవచ్చు. ఆ పద్ధతిలో సరిత తీర్పును, దాని చుట్టూ ఏర్పడిన వాదప్రతివాదాలను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. వలస వచ్చిన ఉపశమనం

హిందూ వివాహ చట్టం, 1955లోని 9వ సెక్షన్ దాంపత్య హక్కుల పునఃస్థాపనకు అవకాశం కల్పిస్తుంది. సహేతుకమైన కారణం లేకుండా జీవిత భాగస్వామి సాహచర్యం నుంచి వైదొలగిన వ్యక్తిని తిరిగి కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించవచ్చు. దీని మూలం ధర్మశాస్త్రాల్లో లేదు. ఇది ఇంగ్లండులోని చర్చి న్యాయస్థానాల నుంచి వలస పాలన ద్వారా భారతదేశానికి చేరింది. ఆజ్ఞను ధిక్కరించినవారికి ఇంగ్లండులో ఉన్న జైలుశిక్షను 1884లో తొలగించారు. 1970లో చేసిన చట్టం ఆ ఉపశమనాన్నే అక్కడ రద్దుచేసింది. పుట్టినచోట కనుమరుగైన నియమం వలస వచ్చినచోట నిలిచిపోయింది.

ఈ నియమాన్ని భారతదేశంలో బహిరంగంగా ఎదిరించిన స్త్రీలలో ఒకరు రుఖ్మాబాయి. 11 ఏళ్ళ వయసులో పెళ్ళైన ఆమె పెద్దయ్యాక భర్త దగ్గరికి వెళ్ళడానికి నిరాకరించారు. భర్త దాదాజీ భికాజీ బొంబాయి హైకోర్టుకు వెళ్ళాడు. 1885లో జస్టిస్ పిన్హే ఆమెకు అనుకూలంగా తీర్పు ఇచ్చారు. ఇష్టం లేని స్త్రీని కాపురానికి పంపే ఇంగ్లిష్ నియమాన్ని హిందూ వివాహానికి అతికించడం తగదన్నది ఆయన వాదనలో ప్రధానాంశం. అప్పీలులో ఆ తీర్పు నిలవలేదు. 1887లో కోర్టు ఆమెను భర్త దగ్గరికి వెళ్ళమని, లేదా ఆరు నెలల జైలుశిక్ష అనుభవించమని ఆదేశించింది. జైలుకైనా వెళ్తానన్నది ఆమె జవాబు. 1888లో ధనపరిష్కారంతో వివాదం ముగిసింది. ఆపైన ఆమె లండన్‌లో వైద్యవిద్య అభ్యసించి, తిరిగివచ్చి సూరత్‌లో వైద్యురాలిగా సేవలందించారు.

ఈ కేసులో రెండు అంశాలు గమనార్హం. మొదటిది, రుఖ్మాబాయి తనపై క్రూరత్వం జరిగిందని నిరూపించడంపై ఆధారపడలేదు. ఆ పెళ్ళికి తాను ఎన్నడూ సమ్మతించలేదన్నదే ఆమె వాదం. రెండవది, ‘ఒక హిందూ మహిళ’ అన్న పేరుతో పత్రికకు లేఖలు రాసి, తన పక్షాన తానే మాట్లాడారు. నాటి సంస్కర్తలు, సంప్రదాయవాదులు స్త్రీకి ఏది మేలో తేల్చుకుంటున్న సమయంలో ఆమె నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న వేశారు. భర్త కాపురానికి రమ్మనే డిక్రీని ధిక్కరించినవారికి జైలుశిక్ష విధించే నిబంధనను భారతదేశంలో 1923లో తొలగించారు. డిక్రీ మాత్రం మిగిలింది.

3. సరిత తీర్పు: ప్రశ్న మారిన తీరు

సుమారు వందేళ్ళ తర్వాత అదే ప్రశ్న తెలుగు నేల మీద తిరిగి తలెత్తింది. సరిత కేసులో 1975లో పెళ్ళి జరిగేనాటికి వధువు 16 ఏళ్ళ హైస్కూలు విద్యార్థిని. ఆ తర్వాత ఆమె సినీనటి అయ్యారు. పెళ్ళైన కొద్దికాలానికే దంపతులు విడిపోయి అయిదేళ్ళకు పైగా వేరుగా ఉన్నారు. భర్త 9వ సెక్షన్ కింద కడప సబ్‌కోర్టును ఆశ్రయించారు. ఆ కోర్టుకు విచారణాధికారం లేదన్న అభ్యంతరంతో ఆమె హైకోర్టులో సివిల్ రివిజన్ పిటిషన్ వేశారు. సాంకేతికమైన అంశంతో మొదలైన వ్యాజ్యం 9వ సెక్షన్ రాజ్యాంగబద్ధతను ప్రశ్నించేదాకా వెళ్ళింది. 1983 జూలై 1న జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్ రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని ప్రకటించారు.

ఈ తీర్పులోని వాదాన్ని మూడు మెట్లుగా చదవవచ్చు. మొదటి మెట్టు, డిక్రీ వాస్తవంగా ఏం చేస్తుందన్నది. కలిసి జీవించమనే ఆదేశంలో లైంగిక సంబంధం కూడా ఇమిడి ఉందని, దాన్ని మర్యాద మాటల చాటున దాచడం తగదని తీర్పు స్పష్టం చేసింది. రెండవ మెట్టు, అధికార బదిలీ. లైంగిక సంబంధంలో పాల్గొనాలా వద్దా అన్న నిర్ణయం డిక్రీ వల్ల వ్యక్తి నుంచి రాజ్యానికి బదిలీ అవుతుంది. గర్భం ధరించాలా, ఎప్పుడు ధరించాలి అన్న నిర్ణయమూ దానితోపాటే చేజారుతుంది. మూడవ మెట్టు, సమానత్వం. సెక్షన్ భార్యాభర్తలిద్దరికీ ఒకేలా వర్తిస్తుందన్నది నిజమే. అయినా గర్భం మోసేది స్త్రీ కాబట్టి డిక్రీ ఫలితం ఇద్దరిపై ఒకేలా ఉండదు. అక్షరంలో సమానంగా కనిపించే నియమం అనుభవంలో అసమానమని తీర్పు గుర్తించింది.

వీటిలో రెండవ మెట్టు మిక్కిలి కీలకం. వైవాహిక వివాదాల్లో న్యాయస్థానాలు అలవాటుగా వేసే ప్రశ్న, విడిగా ఉండటానికి భార్యకు తగిన కారణం ఉందా అన్నది. కారణం చెప్పవలసిన బాధ్యత దేహం గలవారిపై ఉంటుంది. సరిత తీర్పు ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. ఇష్టం లేని దేహాన్ని మరొకరి దగ్గరికి పంపే అధికారం రాజ్యానికి ఎక్కడిదని నిలదీసింది. జవాబు చెప్పవలసిన పక్షం మారింది. తీర్పు ఉపయోగించిన కటువైన విశేషణాలు ఎక్కువ ప్రచారం పొందాయి గాని, దాని అసలు బలం ఈ మార్పులో ఉంది.

4. ప్రతివాదం: ఇంటి తలుపు దగ్గర ఆగిన రాజ్యాంగం

అదే ఏడాది నవంబరులో ఢిల్లీ హైకోర్టు హర్విందర్ కౌర్ కేసులో ఇందుకు పూర్తిగా విరుద్ధమైన నిర్ణయానికి వచ్చింది. జస్టిస్ అవధ్ బిహారీ రోహత్గీ వాదం ప్రకారం దాంపత్యం అంటే సాహచర్యం. లైంగిక సంబంధం అందులో ఒక భాగం మాత్రమే. 9వ సెక్షన్ ఉద్దేశం కాపురాన్ని నిలబెట్టడం. ఇంటిలోపలికి రాజ్యాంగ న్యాయాన్ని తేవడాన్ని ఆయన పింగాణీ సామాన్ల దుకాణంలోకి ఎద్దును వదలడంతో పోల్చారు.

ఈ ఉపమానాన్ని నిశితంగా చూడాలి. అందులో ఇల్లు పెళుసైన వస్తువుల చోటు, రాజ్యాంగం మోటు జంతువు. కాని 9వ సెక్షన్ కింద పిటిషన్ వేసిననాడే రాజ్యం ఇంట్లోకి ప్రవేశించింది. కోర్టు, డిక్రీ, జప్తు – ఇవన్నీ రాజ్యం సాధనాలే. ఇంటిలోకి అప్పటికే వచ్చి ఉన్న రాజ్యాధికారానికి రాజ్యాంగం హద్దు గీయవచ్చా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఉపమానం ఆ ప్రశ్నను దాటవేసింది.

1984 ఆగస్టులో సుప్రీంకోర్టు సరోజ్ రాణి వర్సెస్ సుదర్శన్ కుమార్ చద్దా కేసులో ఢిల్లీ హైకోర్టు అభిప్రాయాన్ని సమర్థించి, సరిత తీర్పును తోసిపుచ్చింది. వివాహం విచ్ఛిన్నం కాకుండా చూడటంలో 9వ సెక్షన్ సామాజిక ప్రయోజనాన్ని నెరవేరుస్తుందని జస్టిస్ సబ్యసాచి ముఖర్జీ పేర్కొన్నారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 21వ ఆర్డరు, 32వ రూలు ప్రకారం డిక్రీని పాటించనివారి ఆస్తిని జప్తు చేయడం తప్ప మనిషిని బలవంతంగా తీసుకుపోవడం ఉండదని, కాబట్టి భయపడవలసింది లేదని తీర్పు భరోసా ఇచ్చింది.

ఈ కేసు వాస్తవాలే ఆ భరోసాకు సమాధానం చెబుతాయి. పిటిషన్ వేసింది భార్య. భర్త డిక్రీకి అంగీకరించాడు. ఏడాది గడిచాక, దంపతుల మధ్య కాపురం తిరిగి మొదలుకాలేదన్న కారణంతో 13(1ఎ) సెక్షన్ కింద విడాకులు కోరాడు. డిక్రీ తర్వాత తాను వెళ్తే రెండు రోజులకే ఇంటినుంచి పంపివేశారన్నది భార్య వాదన. చివరికి విడాకులు ఖాయమయ్యాయి. కాపురాన్ని నిలబెట్టే సాధనంగా న్యాయస్థానం కొనియాడిన సెక్షన్, ఆ కేసులోనే కాపురాన్ని ముగించే మార్గమైంది. వచ్చే ఫలితాన్ని బట్టి నియమాన్ని సమర్థించే వాదం ఆ ఫలితం రానప్పుడు దేనిమీద నిలబడాలన్న సందేహం తీర్పులో తీరదు.

ఆస్తి జప్తు మాత్రమే కదా అన్న ఓదార్పు కూడా పరిశీలనకు నిలవదు. సంపాదన ఉన్న స్త్రీకి జప్తు నేరుగా ఒత్తిడి. సంపాదన లేని స్త్రీకి మనోవర్తి పోతుందన్న భయం ఒత్తిడి. డిక్రీని పాటించలేదు కాబట్టి భరణం ఇవ్వనక్కరలేదని భర్తలు వాదించడం పరిపాటి అయింది. జార్ఖండ్ నుంచి వచ్చిన ఒక కేసులో 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ వాదాన్ని తోసిపుచ్చింది. విడిగా ఉండటానికి తగిన కారణాలుంటే డిక్రీని పాటించని భార్య కూడా భరణానికి అర్హురాలని తేల్చింది. గర్భస్రావమైనప్పుడు భర్త పట్టించుకోకపోవడం, అత్తవారింట మరుగుదొడ్డి వాడుకోనివ్వకపోవడం వంటివి ఆ కేసులో ప్రస్తావనకు వచ్చిన కారణాలు. ఈ తీర్పు ఆహ్వానించదగినది. అయితే ఇక్కడ కూడా కారణం చూపవలసింది ఆమే. ‘నాకు ఇష్టం లేదు’ అన్న మాట ఒక్కటే చాలదు.

5. సరిత తీర్పు పరిమితులు

సరిత తీర్పును నిరాకరించినవారి వాదాలు బలహీనమైనంత మాత్రాన ఆ తీర్పు లోపరహితమని చెప్పలేం. అందులో మూడు పరిమితులు కనిపిస్తాయి.

మొదటిది, స్వయంనిర్ణయాధికారాన్ని ప్రధానంగా లైంగికత, గర్భధారణలతో ముడిపెట్టడం. ఎక్కడ నివసించాలి, ఏ వృత్తి చేయాలి, ఎవరితో కాలం గడపాలి అన్న నిర్ణయాలకు వాదంలో దక్కిన చోటు తక్కువ. అందువల్లనే దాంపత్యం అంటే లైంగిక సంబంధం ఒక్కటే కాదని ఢిల్లీ హైకోర్టు సులువుగా బదులివ్వగలిగింది. సాహచర్యం కూడా ఇష్టంతోనే ఇవ్వదగిందని, దాన్నీ డిక్రీతో రాబట్టలేమని సరిత తీర్పు విస్తరించి చెప్పి ఉంటే ఆ బదులుకు తావుండేది కాదు.

రెండవది, ఆధారాల ఎంపిక. గోప్యత హక్కును పరిమితంగా అంగీకరించిన 1975 నాటి గోవింద్ తీర్పుతోపాటు అమెరికా సుప్రీంకోర్టు నిర్ణయాలపై సరిత తీర్పు మొగ్గింది. అప్పటికి భారత న్యాయశాస్త్రంలో గోప్యత హక్కు స్థిరపడలేదు కాబట్టి ఇది అర్థం చేసుకోదగినదే. కాని అరువు తెచ్చుకున్న పునాది ఎంత నమ్మదగినదో తర్వాతి చరిత్ర చూపింది. ఆ సంప్రదాయంలో ముఖ్యమైన రో వర్సెస్ వేడ్ నిర్ణయాన్ని 2022లో అమెరికా సుప్రీంకోర్టే రద్దుచేసింది. రుఖ్మాబాయి నిరాకరణలో ఇక్కడే ఉన్న వాదబలాన్ని మరింతగా వాడుకునే అవకాశం ఉండింది.

మూడవది, ఇంటినుంచి గెంటివేతకు గురైన స్త్రీల స్థితి. 9వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్ళినవారిలో భార్యలూ ఉన్నారు. సరోజ్ రాణి కేసే సాక్ష్యం. నిలువనీడ లేని స్త్రీకి ఆ పిటిషన్, అత్తవారింట తన చోటును అడిగే ఒక దారి. సెక్షన్ కొట్టివేస్తే ఆమెకు ప్రత్యామ్నాయం ఏమిటన్న ప్రశ్నకు 1983లో చట్టంలో స్పష్టమైన జవాబు లేదు. 2005లో వచ్చిన గృహహింస చట్టం 17వ సెక్షన్ ఉమ్మడి గృహంలో నివసించే హక్కును ఇచ్చింది. ఇల్లు కావాలన్నవారికి భర్త సాహచర్యంతో నిమిత్తం లేకుండా ఇంటిని ఇచ్చే మార్గమిది. దీంతో 9వ సెక్షన్‌ను నిలుపుకోవడానికి ఉన్న సానుభూతిపూర్వకమైన కారణం కూడా చాలావరకు సడలింది.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించింది. సరిత తీర్పుకు అప్పుడు లేని పునాది ఇప్పుడు ఏర్పడింది. 9వ సెక్షన్ రాజ్యాంగబద్ధతను సవాలు చేస్తూ 2019లో న్యాయవిద్యార్థులు సుప్రీంకోర్టును ఆశ్రయించడం ఈ మార్పు ఫలితమే.

6. ఆసుపత్రిలో అదే ప్రశ్న

న్యాయస్థానంలో ‘కాపురం’ ఏ పాత్ర పోషించిందో ఆసుపత్రిలో ‘ఆరోగ్యం’ అదే పాత్ర పోషిస్తుంది. 2008 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిన సమీరా కోహ్లీ కేసు ఇందుకు నిదర్శనం. 44 ఏళ్ళ అవివాహిత అధిక ఋతుస్రావంతో వైద్యురాలి దగ్గరికి వెళ్ళారు. వ్యాధి నిర్ధారణ కోసం లాపరోస్కోపీకి సమ్మతించారు. ఆమె మత్తులో ఉండగా సహాయక వైద్యురాలు బయటికి వచ్చి, అక్కడున్న తల్లి అనుమతి తీసుకున్నారు. ఆపైన గర్భాశయాన్ని, అండాశయాలను తొలగించారు.

తీర్పు రాసిన జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ మౌలికమైన అంశాన్ని నిస్సందేహంగా స్థాపించారు. ప్రాణాపాయం లేనప్పుడు, సొంతంగా నిర్ణయించగల వయోజనురాలి తరఫున తల్లి ఇచ్చే సమ్మతి చెల్లదు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు ఇచ్చినట్టు కాదు. ఇది సరిత తీర్పు వేసిన ప్రశ్నకు వైద్యరంగంలో దొరికిన సూటి సమాధానం.

అయితే తీర్పు అక్కడితో ఆగలేదు. రోగికి ఎంత సమాచారం ఇవ్వాలన్న విషయంలో, వివేకవంతుడైన రోగి ఏం తెలుసుకోగోరుతాడన్న కొలమానాన్ని కాదని, వైద్యవృత్తిలో సాధారణంగా ఆమోదం పొందిన స్థాయి చాలునన్నది. పేదరికం, నిరక్షరాస్యత, వైద్యునిపై రోగులకు గల నమ్మకం వంటి భారతీయ పరిస్థితులను ఇందుకు కారణాలుగా చూపింది. ఈ వాదం విమర్శకు తావిస్తుంది. తక్కువ తెలిసినవారికి ఎక్కువ వివరించవలసిన అవసరం ఉంటుంది. తీర్పు ఆ అవసరాన్నే తక్కువ వివరించడానికి సాకుగా మార్చింది. పరిహారం విషయంలోనూ ఇదే ధోరణి. చికిత్స సదుద్దేశంతో జరిగిందన్న కారణంగా పరిహారం 25,000 రూపాయలకు పరిమితమైంది. నిర్ణయం హరించబడిందని అంగీకరించిన న్యాయస్థానం, ఆ నష్టాన్ని లెక్కించేటప్పుడు మేలు కోరిన మనసును తూకంలో వేసింది.

2009 నాటి సుచితా శ్రీవాస్తవ తీర్పు మరొక అడుగు ముందుకు వేసింది. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న, స్వల్ప మానసిక వైకల్యం గల ఒక అనాథ యువతి గర్భవతి అయితే, ఆమెకు గర్భవిచ్ఛిత్తి చేయించమని హైకోర్టు ఆదేశించింది. బిడ్డను కంటానన్న ఆమె కోరికను మన్నించి సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది. సంతానోత్పత్తికి సంబంధించిన ఎంపిక 21వ అధికరణలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని ప్రకటించింది. ఆమెకు ఇది మేలు కాదని కింది న్యాయస్థానం భావించిన చోట, ఆమె ఏమంటోందని పై న్యాయస్థానం అడిగింది.

గర్భవిచ్ఛిత్తి విషయంలో చట్టం మొదటినుంచీ స్పష్టంగానే ఉంది. 1971 నాటి చట్టం ప్రకారం వయోజనురాలైన, మానసిక స్వస్థత గల స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు. భర్త సమ్మతి అక్కరలేదు. అయినా వైద్యులు కుటుంబసభ్యుల సమ్మతి వంటి చట్టంలో లేని షరతులు పెడుతున్నారని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ప్రత్యేకంగా ప్రస్తావించి, అలాంటి షరతులు తగవని హెచ్చరించవలసి వచ్చింది. చట్టం ఒక సంతకం అడిగిన చోట ఆచారం రెండో సంతకం కోరుతోంది.

7. తెలుగు రాష్ట్రాల్లో గర్భసంచి ప్రశ్న

సమీరా కోహ్లీ కేసులోని శస్త్రచికిత్స తెలుగు పాఠకులకు దూరపు వార్త కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయ తొలగింపు దేశంలో సగటున 3 శాతానికి కొంచెం పైన ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గరగా, తెలంగాణలో 8 శాతం వద్ద ఉంది. కడుపునొప్పితోనో, తెల్లబట్టతోనో ఆసుపత్రికి వెళ్ళిన స్త్రీకి ‘గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది’ అన్న సలహా దొరకడం గ్రామీణ జీవితంలో వినిపించే అనుభవమే. ‘పిల్లలు పుట్టేశారు, ఇక దానితో పనేముంది’ అన్న మాట ఇంట్లోవాళ్ళ నుంచి వస్తుంది. ఈ మాటలన్నీ మేలు కోరేవే. తొలగింపు తర్వాత ఏమవుతుంది, వేరే చికిత్స ఉందా, ఆగి చూడవచ్చా అన్నవి ఆమెకు తెలిసినప్పుడే ఆమె వేసిన సంతకం సమ్మతి అవుతుంది. తెలియనప్పుడు అది కాగితం మీద గుర్తు మాత్రమే.

బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసర గర్భాశయ తొలగింపులపై వచ్చిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని ఆదేశించింది. తొలగింపుల రేటు ఎక్కువగా ఉన్న తెలుగు రాష్ట్రాలకు ఈ ఆదేశం మరింత వర్తిస్తుంది.

కుటుంబ నియంత్రణ విషయంలోనూ ఇదే అసమానత. ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో 70 శాతానికి దగ్గరగా ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. పురుషుల వేసెక్టమీ దానితో పోలిస్తే నామమాత్రం. ఈ అంకెల వెనుక ఇష్టపూర్వకమైన నిర్ణయాలు లేవని చెప్పడం సరికాదు. తక్కువమంది పిల్లలను కోరుకున్న స్త్రీలు ఎందరో ఆ ఆపరేషన్‌ను తామే ఎంచుకున్నారు. కాని శస్త్రచికిత్స ఎవరి దేహంపై జరగాలన్న ప్రశ్న ఇంట్లో చర్చకు వచ్చిందా అన్నది వేరే విషయం. చర్చకే రాని ప్రశ్నకు దొరికిన జవాబును స్వతంత్ర నిర్ణయమనడం కష్టం.

8. సమాజం, భాష, సాహిత్యం

న్యాయస్థానం, ఆసుపత్రి సమాజానికి వెలుపల లేవు. తెలుగు నుడికారమే ఇందుకు సాక్ష్యం. పిల్లను ‘ఇస్తారు’, ‘అప్పగిస్తారు’, ‘కాపురానికి పంపుతారు’. ఈ క్రియలన్నింటిలో ఆమె కర్మ స్థానంలో ఉంటుంది. పెళ్ళిలో కన్నీటితో జరిగే అప్పగింతల ఘట్టం ప్రేమకు చిహ్నమే. అదే సమయంలో ఒక మనిషి బాధ్యతను ఒక ఇంటి చేతి నుంచి మరో ఇంటి చేతిలో పెట్టే ఘట్టం కూడా. ‘మౌనం అర్ధాంగీకారం’ అన్న నానుడి ఆ మౌనాన్ని కూడా సమ్మతి ఖాతాలో జమచేస్తుంది. మత్తులో ఉన్న రోగి మౌనం, పదహారేళ్ళ వధువు మౌనం – రెండూ ఈ లెక్కలో అంగీకారాలే.

ఆధునిక తెలుగు సాహిత్యారంభంలోనే ఈ సమస్య రూపుకట్టింది. 1897లో ప్రచురితమైన గురజాడ ‘కన్యాశుల్కం’లో సుబ్బి పెళ్ళి కథకు మూలాధారం. తండ్రి అగ్నిహోత్రావధానులు డబ్బు కోసం ఆమెను ముసలి లుబ్ధావధాన్లకు ఇవ్వజూస్తాడు. మేనమామ కరటకశాస్త్రి శిష్యునికి ఆడవేషం వేసి ఆ పెళ్ళిని తప్పిస్తాడు. అమ్మేవారు, కొనేవారు, రక్షించేవారు – అందరూ రంగస్థలం మీద మాట్లాడతారు. సుబ్బి ఇష్టం మాత్రం ఎక్కడా ప్రశ్నగా ముందుకు రాదు. దీన్ని నాటక లోపంగా కాక, ఆ కాలపు సంస్కరణోద్యమ స్వభావానికి నమ్మకమైన చిత్రణగా చదవాలి. కీడు తలపెట్టినవారి నుంచి మేలు తలపెట్టినవారి చేతిలోకి ఆమె భవితవ్యం మారింది. దాదాపు అదే దశకంలో రుఖ్మాబాయి తన మాట తానే చెప్పారన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ నిశ్శబ్దం లోతు తెలుస్తుంది.

మౌనాన్ని అంగీకారంగా లెక్కవేయకుండా వినే పద్ధతిని చట్టం ఒకచోట కనిపెట్టింది. 2018లో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు, మరణశయ్యపై కృత్రిమ ప్రాణాధారాలను నిరాకరించే ముందస్తు సూచనలను గుర్తించింది. 2023లో ఆ విధానాన్ని సరళం చేసింది. మాట్లాడలేని స్థితిలో ఉన్న మనిషి తరఫున ఎవరు మేలు ఆలోచించాలన్న ప్రశ్నకు బదులు, ఆ మనిషి ముందే ఏం చెప్పాడని అడిగే పద్ధతి ఇది. మరణం విషయంలో సాధ్యమైన ఈ శ్రద్ధ, వివాహం విషయంలో ఇంకా సాధ్యం కాకపోవడం గమనించదగినది. తన భార్యతో, ఆమె వయసు 18 ఏళ్ళకు తగ్గకుంటే, భర్త జరిపే లైంగిక చర్యను అత్యాచార నిర్వచనం నుంచి మినహాయించే నిబంధన 2023 నాటి భారతీయ న్యాయ సంహితలోనూ కొనసాగింది. అక్కడ వివాహమే శాశ్వత సమ్మతిపత్రం.

9. ముగింపు

సరిత తీర్పు న్యాయపరంగా ఏడాదికి కొంచెం పైన మాత్రమే నిలిచింది. అయినా అది వేసిన ప్రశ్న నాలుగు దశాబ్దాల తర్వాత కూడా జవాబు కోరుతూనే ఉంది. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. ఒకటి, సరిత తీర్పుకు, దాన్ని తోసిపుచ్చిన తీర్పులకు మధ్య ఉన్న భేదం విలువల్లో కన్నా ఎంచుకున్న ప్రశ్నలో ఉంది. ఒకటి నిర్ణయాధికారం గురించి అడిగితే, మిగిలినవి ప్రయోజనం గురించి అడిగాయి. రెండు, వైద్యరంగంలో స్వయంనిర్ణయాధికారాన్ని సూత్రంగా అంగీకరించిన తీర్పులు కూడా సమాచారం, పరిహారం దగ్గరికి వచ్చేసరికి సదుద్దేశానికి రాయితీ ఇచ్చాయి. మూడు, ఈ రాయితీకి మూలాలు చట్టంలో కన్నా సమాజం మాటతీరులో, ఇచ్చిపుచ్చుకునే క్రియల్లో బలంగా ఉన్నాయి.

ఈ వాదానికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. మనిషి ఒంటరి కాడు. నిర్ణయాలు కుటుంబంలో, అనుబంధాల మధ్యనే పుడతాయి. తల్లిని సంప్రదించే కూతురు, భర్తతో మాట్లాడి ఆపరేషన్‌కు సిద్ధపడే భార్య తమ స్వేచ్ఛను వదులుకున్నట్టు కాదు. ఈ అభ్యంతరం సరైనదే. కాని సంప్రదించడం ఆమె చేసే పని, ఆమె బదులు సంతకం చేయడం ఇతరులు చేసే పని. రెండింటినీ ఒకటిగా చూసినప్పుడే అనుబంధం అధికారంగా మారుతుంది.

9వ సెక్షన్‌పై సుప్రీంకోర్టు ముందున్న సవాలు తేలేటప్పుడు, కాపురాలు నిలబడతాయా కూలతాయా అన్న చర్చ తప్పక వస్తుంది. సరోజ్ రాణి కేసు వాస్తవాలు ఆ చర్చకు ఎప్పుడో సమాధానమిచ్చాయి. మిగిలి ఉన్నది 1885లో రుఖ్మాబాయి, 1983లో కడప నుంచి హైదరాబాదు చేరిన ఒక రివిజన్ పిటిషన్ అడిగిన చిన్న ప్రశ్న: ఆమె వెళ్తానన్నదా?